పేరు రాయని అక్షం

ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకి, సెలవు రోజు కూడా పనికి వచ్చిన ఒకే ఒక్క శాస్త్రవేత్త తన పరికరాల గదిలో చనిపోయాడు. వయసు ముప్పై ఒకటి. గాయం లేదు, పెనుగులాట లేదు. పక్క గదిలోని సిలిండర్ నుంచి వచ్చే నైట్రోజన్ గొట్టాన్ని ఎవరో పూర్తిగా తెరిచి, తలుపుకి బయటినుంచి తాళం వేశారు. ఆ వాయువుకి రంగు ఉండదు, వాసన ఉండదు. గదిలోని గాలిని మెల్లగా బయటికి నెట్టి దాని చోట తాను కూర్చుంటుంది. మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది. ఆ ఊపిరిలో ఏమీ ఉండదు.

నాలుగు నిమిషాలు పట్టి ఉంటుందని రిపోర్టులో రాశారు. ప్రమాదమని పేపర్లో వేశారు.

అతని బల్ల మీద అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక నోటుబుక్కు, ఒక చిన్న గాజు సీసా మాత్రం లేవు.

*

"ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు పెద్దాయన.

డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని సూది అంటారు. సన్నగా ఉంటుంది, గుచ్చుకునేదాకా ఉన్నట్టు తెలియదు. చనిపోయినవాడు ఆమె తమ్ముడు. తల్లి పోయాక అతనికి అన్నం కలిపి పెట్టింది, లెక్కలు నేర్పింది, చెవి మెలేసింది ఆమే.

"రూలా సార్?"

"రూలే. రక్తసంబంధం ఉన్నవాళ్ళు కేసు ముట్టుకోకూడదు."

"ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే మీరే కొట్టెయ్యండి."

పెద్దాయన కాసేపు పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ జరిపాడు. తర్వాత ఫైలు ఆమె వైపు తోశాడు.

"మన పంపుహౌస్‌లో పన్నెండు బంగారు రేకులు నీళ్ళలో మునిగి ఉంటాయి. అరచేతంత ఉంటాయి. నీళ్ళలో విషం కలిస్తే వాటి మీద జరిగే రియాక్షన్ మారుతుంది, కరెంటు మారుతుంది, సైరన్ మోగుతుంది. నగరమంతా తాగే నీళ్ళకి కాపలా ఆ రేకులే. మీ తమ్ముడు వాటి మీద పనిచేసేవాడు. కొన్ని రసాయనాలు కరెంటు తగిలినప్పుడు రేకు మీద సన్నటి పొరలా కడతాయట. వెంట్రుకని వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత. ఆ పొర కట్టిన రేకు ఏం కలిపినా పలకదు. నీళ్ళు బాగున్నాయనే చెబుతుంది."

"ఆ పొర కట్టకుండా ఆపడానికి చూస్తున్నాడు వాడు."

"ఆపాలంటే ముందు కట్టించి చూడాలి కదమ్మా. ఎలా కట్టించాలో నోటుబుక్కులో ఉంది. కట్టించే రసాయనం ఆ సీసాలో ఉంది. అంత సీసా మళ్ళీ చెయ్యాలంటే ఏడాది పడుతుంది. అంటే వాళ్ళకి ఒక్కటే ఛాన్సు. పన్నెండు రేకులూ ఒకే తొట్టిలో, ఒకే దెబ్బకి."

"వాళ్ళు అంటే?"

"బయటిదేశం రింగ్. నాయకుణ్ణి పళ్ళ డాక్టర్ అంటారు. నిజానికి ఎలక్ట్రోకెమిస్టు. పైకి దంతవైద్యశాల నడుపుతున్నాడు. బంగారం తెప్పించుకుంటే ఎవరూ అడగరు. పంపుహౌస్ లోపల ఒకడు వాళ్ళ మనిషి. ఎవడో తెలియదు. పొర కట్టిన కొత్త రేకులు తీసుకోవడానికి వాడు క్లినిక్‌కి వస్తాడు. అంతవరకూ ఆగాలి."

ఆమె ఫైల్లో ఒక కాగితం దగ్గర ఆగింది. ల్యాబ్ వాచ్‌మన్ స్టేట్‌మెంట్. మెట్ల కిందినుంచి విన్నాడట. తాళం తిరిగిన చప్పుడు, ఆ తర్వాత తలుపు పిడిని రెండుసార్లు లాగి చూసిన చప్పుడు. ల్యాబ్ వాళ్ళే అనుకున్నాడు.

"క్లినిక్ లోపల మనకొక కాంటాక్ట్ ఉంది," అన్నాడు పెద్దాయన. "కోడ్‌నేమ్ నీలం. రెండేళ్ళుగా వాళ్ళ దగ్గర రిసెప్షనిస్టు. రేకుల్ని చేత్తో మెరుగుపెట్టడం వచ్చిన మనిషి కావాలని పళ్ళ డాక్టర్ వెతుకుతున్నాడట. ఆవిడే చెప్పింది."

"మా తమ్ముడి పేరు వాళ్ళ లిస్టులో ఉందని ముందే ఎందుకు చెప్పలేదు?"

"తనకీ తెలియదంది."

"మీరు నమ్మారా?"

"జీతం ఇస్తున్నాను. నమ్మకం కూడా ఇవ్వాలని ఎక్కడా రాసుకోలేదు." ఆయన డ్రాయరు తెరిచి ఒక వాచీ ఇచ్చాడు. మామూలు ఆడవాళ్ళ వాచీ. "కీ బయటికి లాగితే సిగ్నల్ వస్తుంది. టీమ్ వీధి చివర ఉంటుంది. నాలుగు నిమిషాల్లో లోపలికి వస్తారు."

ఆ అంకె ఇద్దరికీ వినిపించింది. 

"ఇంకొక మాట. పళ్ళ డాక్టర్ నాకు ప్రాణాలతో కావాలి."

"ఎంత ప్రాణంతో సార్?"

"మాట్లాడేంత."

*

రేకులు రుద్దడం ఆమెకి నేర్పింది చార్ట్ తాత. నలభై ఏళ్ళు తమ్ముడి ల్యాబ్‌లోనే అసిస్టెంటుగా చేసి రిటైరైనా, రోజూ వచ్చి తన పాత చార్ట్ రికార్డర్ దుమ్ము దులిపి వెళతాడు. కాగితం చుట్ట తిరుగుతుంటే పెన్ను గీత గీసే మిషన్ అది. ఆ భవనంలో దాన్ని వాడేవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఇప్పుడు ఒక్కడే.

"గుండ్రంగా తిప్పకమ్మా. ఒకే పక్క అరుగుతుంది. ఎనిమిది అంకె వెయ్యి. మళ్ళీ ఎనిమిది. మళ్ళీ."

తడిగుడ్డ మీద పాలరంగు పౌడరు. అల్యూమినా. ముఖానికి రాసుకునే పౌడరుకన్నా మెత్తన. దాని మీద రేకు బోర్లించి ఆమె ఎనిమిదులు వేసింది.

"వేలు తగలనివ్వకు. నీ వేలి జిడ్డు నీకు కనపడదు, కరెంటుకి కనపడుతుంది. రేకు ఏదీ మర్చిపోదు. దాని మీద ఏం జరిగినా గీత గీస్తే బయటపడుతుంది. అందుకే నాకీ పనంటే ఇష్టం. మనుషుల్ని అడిగితే ఇంత చక్కగా చెప్పరు."

తొమ్మిదో రోజున ఆయన తమ్ముడి పాత చార్టు ఒకటి పరిచాడు. చదునుగా సాగిన గీత, చివర్లో కొండలా లేచి దిగింది.

"ఇప్పుడు అందరూ ప్లస్సు కుడివైపు వేస్తారు. నాకు నేర్పినవాళ్ళు పాతకాలం వాళ్ళు. మాకు ప్లస్సు ఎడమ, మైనస్సు కుడి. మీవాడు నా చేతికింద నేర్చుకున్నాడు. వాడిదీ అదే అలవాటు."

"అది తప్పు కాదా తాతా?"

"తప్పెందుకవుతుంది? ఏది ఎటో అక్షం మీద రాస్తే సరి. అదే రాయడు వెధవ. ఎన్ని తిట్లు తిన్నాడో. 'నాకు తెలుసు కదా తాతా' అనేవాడు."

ఆమె చార్టు అంచుల్ని వేలితో తడిమింది. ఏ అక్షం మీదా అక్షరం లేదు. ఏడో తరగతిలో వాడి గ్రాఫు కాగితాలు దిద్దినప్పుడు ఇందుకే ప్రతిసారీ అర మార్కు కోసేది. కోసినప్పుడల్లా నవ్వేవాడు.

"నీ కళ్ళలో పడింది పౌడరా?" అన్నాడు తాత.

"పౌడరే."

"మంచినీళ్ళతో కడుక్కో. మంట ఎక్కువ."

*

క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో నలుగురు పేషెంట్లు బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. లవంగనూనె, ఫినాయిల్ కలిసిన వాసన. కౌంటరు వెనక ఉన్న ఆవిడ చెవిపోగులు నీలం, గోళ్ళు నీలం, మెడలోని పలచని స్కార్ఫ్ నీలం. ఆవిడ చూపు తగిలితే పన్ను నొప్పి ఉన్నవాళ్ళు కూడా నవ్వి, వెంటనే బాధపడుతున్నారు.

లావు కళ్ళద్దాలు, నెరిపించిన జుట్టు, చేతిలో గుడ్డసంచి. సూది కౌంటరు ముందు నిలబడింది.

"నొప్పి ఎడమవైపా, కుడివైపా?" అంది నీలం.

"తుమ్మినప్పుడు ఎడమ, దగ్గినప్పుడు కుడి."

"డాక్టర్ గారు చూస్తారు. రండమ్మా."

కోడ్ సరిపోయింది. నడవాలో నీలం గొంతు తగ్గించింది. "మీ పెద్దాయన బాగున్నాడా? వచ్చే నెలైనా జీతం టైముకి పంపమను. ఇక్కడివాళ్ళు ఒకటో తారీకునే ఇస్తారు."

"అందుకేనా ఇంత శ్రద్ధగా పనిచేస్తున్నావు?"

"రెండు చోట్లా శ్రద్ధగానే చేస్తాను తల్లీ."

పళ్ళ డాక్టర్‌కి యాభై దాటాయి. తెల్లకోటు, నోటికి మాస్కు, మెత్తటి గొంతు. ఆమె ఒక రేకు తీసి నాలుగు ఎనిమిదులు వెయ్యగానే చాలన్నాడు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?"

"చనిపోయిన సార్ దగ్గర. వారానికి రెండ్రోజులు వెళ్ళేదాన్ని."

"అతని పని చూసి చాలా నేర్చుకోవచ్చు. అజాగ్రత్త మాత్రం ఎక్కువ."

ఆమె చెయ్యి ఎనిమిదిలో సగం దగ్గర ఆగింది. మిగతా సగం పూర్తిచేసింది.

మూడు రోజులు రేకులు రుద్దింది. లోపలి గదిని చూసి పెట్టుకుంది. చిన్న గది. కిటికీ సందులకి టేపు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి ప్లాస్టిక్ కాగితం. ఆక్సిజన్ తగిలితే పొర చెడిపోతుందని అతని జాగ్రత్త. మధ్యలో ఉప్పునీళ్ళ గాజు తొట్టి, అందులోకి నైట్రోజన్ బుడగలు వదిలే సన్నటి గొట్టం, పక్కన పవర్ యూనిట్. తలుపుకి గాజు పలక. తాళంచెవి బయటివైపు.

నాలుగో రోజు పదకొండున్నరకి పళ్ళ డాక్టర్ సీసా మూత తీసి, అందులోది తొట్టిలో వంపాడు.

"రేకులు పన్నెండింటికల్లా బయటికి వెళ్ళాలి. ఒంటిగంటకి పంపుహౌస్‌లో రేకులు మారుస్తారు. ఇటు రా, పట్టుకో."

పన్నెండు రేకులూ ఒక చట్రానికి తగిలించారు. అతను నోటుబుక్కు తెరిచాడు. ఆమె తమ్ముడి చేతిరాత, అతికించిన చార్టు. చదును గీత, చివర్లో కొండ.

"నీకిది అర్థమవుతుందా?"

"నాకు లెక్కలు రావు సార్. రుద్దడమే వచ్చు."

"ఎడమవైపంతా చదును. ఇదిగో, కుడివైపు కొండ. ఇక్కడ రియాక్షన్ జరుగుతోంది. పొర కట్టేది ఇక్కడే." అతను యూనిట్ మీద మీట తిప్పాడు. "కుడి. అంటే ప్లస్సు. ఒకటిన్నర వోల్టులు."

ఆమె చూపు యూనిట్ మీద ఎర్రగా వెలిగిన ప్లస్సు గుర్తు మీద నిలిచింది.

తమ్ముడి కుడి మైనస్సు. ఉప్పునీళ్ళలో బంగారానికి అంత ప్లస్సు ఎక్కిస్తే పొర కట్టదు. బంగారమే కరిగి నీళ్ళలో కలుస్తుంది. ఉప్పులోని క్లోరిన్ విషవాయువై పైకి లేస్తుంది. టేపు వేసిన గదిలో.

సార్, ప్లస్సు ఎడమవైపు. అంత చిన్న వాక్యం. నాలుక చివరనే ఉంది.

"ఏమన్నా అనబోయావా?"

"వేలు తగలనివ్వకండి సార్."

అతను మాస్కు వెనక నవ్వాడు. "నువ్వే నయం. అతన్ని అక్షాల మీద ప్లస్సూ మైనస్సూ రాయమని అడుగుదామన్నా ఇప్పుడు లేడు."

"ఎలా పోయారు సార్?"

"మర్యాదగా. నైట్రోజన్‌కి మించిన మర్యాదస్థుడు లేడమ్మా, నొప్పి తెలియనివ్వదు. నేనే స్వయంగా తిప్పాను. గోడ అవతల నిలబడి వింటే స్టూలు పడిన చప్పుడు ఒకటే వచ్చింది."

ఇంత మాట తనతో అన్నాడంటే తనని ప్రాణాలతో బయటికి పంపే ఉద్దేశం లేదు. అది ఆమెకి అర్థమైంది. స్టూలు పడిన సంగతి మాత్రం ఇప్పటిదాకా తెలియదు. తమ్ముడు తలుపు దాకా రావడానికి లేచాడన్నమాట.

"బయట ఉండు," అన్నాడు. "పొర కట్టేటప్పుడు గదిలో ఒక్క మనిషి చాలు. అటూ ఇటూ కదిలితే గాలి వస్తుంది."

ఆమె పౌడరు డబ్బా, తడిగుడ్డ తీసుకుని బయటికి వచ్చింది. అతను తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

*

నడవా చివరినుంచి వెయిటింగ్ రూమ్ కనిపిస్తోంది. పేషెంట్లు ఇద్దరే ఉన్నారు. అందులో ఒకడు కొత్త. ఎడమ బుగ్గ నిమ్మకాయంత ఉబ్బింది. చేతిలో తోలు బ్యాగు. బూట్ల అంచున పంపుహౌస్ పచ్చరంగు నాచు ఇంకా ఆరలేదు.

"బాగా నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ప్రాణం పోతోంది," అన్నాడు. అని, ఒక్క క్షణం ఆగి, కుడి బుగ్గ పట్టుకున్నాడు.

ఆమె తిరిగి నడవాలోకి వచ్చి వాచీ కీ బయటికి లాగింది. పదకొండు యాభై మూడు.

గాజు పలక లోంచి చూసింది. తొట్టిలో నీళ్ళు పసుపుపచ్చగా మారుతున్నాయి. పళ్ళ డాక్టర్ సంతోషంగా ఉన్నాడు. పొర పసుపు రంగులో ఉంటుందని నోటుబుక్కులో రాసి ఉంది మరి. ఆ పసుపు పొరది కాదని, కరిగిన బంగారానిదని అతనికి తట్టలేదు. రేకుల మీద బుడగలు లేచాయి. అవి తన నైట్రోజన్ బుడగలే అనుకున్నాడు. లవంగనూనెకి అలవాటుపడ్డ ముక్కు, దాని మీద మాస్కు.

మొదటిసారి దగ్గాడు. రెండోసారి దగ్గి మాస్కు లాగేశాడు. అది ఇంకా పెద్ద తప్పు. చట్రం ఎత్తి చూశాడు. అంచులు కొరికేసినట్టున్న రేకులు కాగితంలా పలచబడ్డాయి, వాటిలోంచి కిటికీ వెలుగు కనిపిస్తోంది. అతను నోటుబుక్కు వైపు చూశాడు. దాన్ని తలకిందులు చేసి చూశాడు.

అప్పుడర్థమైంది. మీటని అలాగే వదిలి తలుపు వైపు పరుగెత్తాడు.

అతనికన్నా ముందు ఇంకో చెయ్యి తలుపుని చేరింది. నీలం గోళ్ళు. తాళంచెవి తిప్పింది. పిడి పట్టుకుని రెండుసార్లు లాగి చూసింది. తాళంచెవిని జేబులో వేసుకుంది.

సూది ఆ చేతినే చూస్తోంది. లాగిన రెండు చప్పుళ్ళు ఎక్కడో మెట్ల కిందినుంచి వినిపించినట్టయింది.

"మన పని ఆయనే చేసుకున్నాడు చూశావా?" అంది నీలం, వాతావరణం గురించి మాట్లాడినట్టు. "నువ్వు కాసేపు కళ్ళు మూసుకుని నిలబడితే చాలు. నీ పగా తీరుతుంది, నా గొడవా వదులుతుంది. ఆయన నోరు తెరిస్తే నాకు రెండు చోట్లా ఉద్యోగం పోతుంది."

"నాకు పగుందని ఎవరు చెప్పారు?"

"అచ్చం వాడి ముఖమే నీది. కళ్ళద్దాలు పెడితే దాగుతుందా?"

"వాణ్ణి దగ్గరనుంచి చూశావన్నమాట."

 లోపల పిడికిళ్ళు గాజుని కొడుతున్నాయి. గాజు అవతల ఎర్రబడిన కళ్ళు. నోరు ఒకే మాట అంటోంది. తలుపు. తలుపు.

ఆమె వాచీ చూసుకుంది. టీమ్ రావడానికి ఇంకా రెండున్నర నిమిషాలు.

అచ్చంగా ఒక నిమిషం పాటు ఆమె కదల్లేదు. ఆ నిమిషం గురించి తర్వాత ఏ రిపోర్టులోనూ రాయలేదు. వాడికి ఎవరూ తలుపు తీయలేదు. వీడికి మాత్రం ఎందుకు తియ్యాలి? ఈ ప్రశ్నకి సమాధానం లోపలున్నవాడి దగ్గర లేదు, తన పక్కనే నీలిరంగు స్కార్ఫ్ సర్దుకుంటూ నిలబడి ఉంది. వీడు లోపలే పోతే తాళం వేసిన చెయ్యి రేపు ఇంకో కౌంటరు వెనక కూర్చుంటుంది. ఇంకొకరి బుగ్గ నొప్పి ఎటువైపో అడుగుతుంది.

పిడికిలి చప్పుడు ఆగిపోయింది.

"అయిపోయింది," అంది నీలం.

సూది పౌడరు డబ్బా మూత తీసి, ఆ అందమైన కళ్ళలోకి మొత్తం విసిరింది.

నీలం కేక పెట్టి గోడకి జారింది. సూది ఆవిడ జేబులోంచి తాళంచెవి లాగి, తడిగుడ్డ ముఖానికి అదుముకుని, ఊపిరి బిగబట్టి తలుపు తీసింది. గాలి పసుపుగా ఉంది. కళ్ళు మండిపోయాయి. మీట ఆపింది. బల్ల మీది నోటుబుక్కు ముందు చంకలో పెట్టుకుంది, తర్వాతే కోటు కాలరు పట్టుకుని మనిషిని నడవాలోకి ఈడ్చింది.

పళ్ళ డాక్టర్ గరగరమని ఊపిరి పీల్చాడు. బతికే ఉన్నాడు. మాట్లాడేంత.

ఆమె అతని చెవి దగ్గర వంగింది. "నీ మీద జాలితో తీశాననుకోకు. ఆదివారం తాళం వేసింది ఎవరు?"

అతను మాట పెగలక, వేలెత్తి చూపించాడు. వేలు నేరుగా నీలం మీద ఆగింది.

వెయిటింగ్ రూమ్‌లో బుగ్గ ఉబ్బినవాడు బ్యాగు ఎత్తుకుని వీధి తలుపు తీశాడు. అవతల టీమ్ నిలబడి ఉంది. నోట్లోంచి దూదిఉండ తీయించారు. బ్యాగులో రెండు సీసాల విషం. పదకొండు యాభై ఏడు.

మిగిలిన ఒక్క పేషెంటు బెంచీ మీదే కూర్చుని అంతా చూస్తున్నాడు.

"లేచి బయటికి రండి, ఇక్కడ గాలి మంచిది కాదు," అంది సూది, దగ్గుతూ. "డాక్టర్ గారికి ఈ రోజు కుదరదు."

"నాకు మూడు రోజుల కిందటి అపాయింట్‌మెంట్ అమ్మా."

"నాకూ అంతే బాబూ. నడవండి."

*

పళ్ళ డాక్టర్ ఆసుపత్రి మంచం మీద రెండు వారాలు మాట్లాడాడు. మూడో వారం నీలం కూడా మాట్లాడింది, అతను ఏం చెప్పాడో తెలిశాక. పంపుహౌస్‌లో పాత రేకులు పాత చోటే ఉన్నాయి. నీళ్ళు మామూలుగా వచ్చాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు.

పెద్దాయన రిపోర్టు చివరి పేజీ దాకా చదివాడు. తమ్ముడి చార్టుని ఆమె అక్కడ చేత్తో గీసి చూపించింది. చదును, చివర్లో కొండ.

"నోటుబుక్కు కోర్టుకి వెళుతుంది," అన్నాడు. "తర్వాత నీకిచ్చేస్తారు."

"సరే సార్."

"ఇందులో నీ గ్రాఫుకి అక్షాల పేర్లు రాయలేదు. ప్లస్సు ఎటో, మైనస్సు ఎటో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? మా రోజుల్లో అర మార్కు కోసేవాళ్ళు."

ఆమె కాగితం తీసుకుని చూసింది. పెన్ను మూత తీసింది. కాసేపటికి మళ్ళీ పెట్టేసింది.

"కొయ్యండి సార్. మా ఇంట్లో అలవాటే."